ఫోటో ఎక్కడ దాగింది?

ఒకప్పుడు కెమెరాలో రీలు వేసేవారు. రీలుకు 36 ఫోటోలు వచ్చేవి. దాన్ని చీకటి గదిలో కడిగితేనే బొమ్మ కనిపించేది. డిజిటల్ కెమెరాలో రీలు లేదు. మరి ఫోటో ఎక్కడ ఉంటుంది?

బొమ్మ అంకెలవుతుంది

ఏలూరు తివాచీని దగ్గరగా చూడండి. రంగు రంగుల ఉన్ని ముడులు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే అవే పువ్వులు. డిజిటల్ ఫోటో కూడా అంతే. అందులో లక్షల చుక్కలు ఉంటాయి.

కొల్లేరులో, ఆటపాక దగ్గర గూడబాతును ఫోటో తీశామనుకోండి. పక్షి మీది వెలుగు కెమెరా అద్దంలోంచి లోపలికి వస్తుంది. లోపల సెన్సర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. ఏ చుక్క దగ్గర ఎంత వెలుగు పడిందో అది కొలుస్తుంది. కెమెరా ఆ కొలతలను అంకెలుగా మార్చి మెమరీ కార్డులో రాస్తుంది.

కార్డు తపాలా బిళ్లంత ఉంటుంది. బ్యాటరీ అయిపోయినా అందులో రాసింది చెరగదు. ఒక్కో ఫోటో 5 ఎంబీ అయితే, 32 జీబీ కార్డులో సుమారు 6,000 ఫోటోలు పడతాయి.

1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. అందులో కార్డు లేదు. క్యాసెట్ టేపు మీద ఫోటో రాసేది. ఒక్క ఫోటోకు 23 సెకన్లు పట్టేది!

కంప్యూటర్‌లోకి ఎక్కించడం

1. కెమెరాను యు.ఎస్.బి. వైరుతో కంప్యూటర్‌కు కలపండి. కెమెరా ఆన్ చేయండి. లేదా కార్డు తీసి కార్డు రీడరులో పెట్టండి.
2. తెర మీద కెమెరా పేరో, కార్డు గుర్తో కనిపిస్తుంది. దాన్ని తెరవండి. డి.సి.ఐ.ఎం. అనే ఫోల్డరులో ఫోటోలు ఉంటాయి.
3. వాటిని కాపీ చేసి కంప్యూటర్‌లో పెట్టండి.
4. పని పూర్తయ్యే దాకా వైరు లాగకండి. లాగితే ఫోటో పాడవుతుంది. ‘ఎజెక్ట్’ నొక్కాకే తీయండి.

కాపీ వేరు, చెరపడం వేరు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల బజారులో గుమాస్తా చిట్టీ చూసి పెద్ద పుస్తకంలో లెక్క ఎక్కించాడనుకోండి. చిట్టీలో లెక్క చెరిగిపోతుందా? పోదు. ఫోటో కాపీ కూడా అలాంటిదే. కార్డులో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉంటాయి. ‘డిలీట్’ నొక్కితే మాత్రం కార్డులోది పోతుంది. ‘ఫార్మాట్’ నొక్కితే అన్నీ పోతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులో చేరింది. లంక ఊళ్లను నీళ్లు చుట్టుముట్టాయి. అలాంటప్పుడు మునిగిన ఇంటికి, తెగిన చెరువు గట్టుకు ఫోటో ఒక ఆధారం. నీరు తీశాక ఆ ఫోటో మళ్లీ తీయలేం.

అందుకే తొందరపడి చెరపకండి. కంప్యూటర్‌లో ఫోటోలు తెరిచి చూడండి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టండి. ఆ తరువాతే కార్డు ఖాళీ చేయండి.

జవాబులు చెప్పండి

1. డిజిటల్ కెమెరా ఫోటోను దేనిలో దాస్తుంది?
2. కాపీకి, డిలీట్‌కు తేడా ఏమిటి?
3. మీ ఇంట్లో పోకూడని ఫోటో ఏది? దానికి ఇంకో కాపీ ఉందా?