పేరొకటే, ధరలు రెండు ఎందుకు?

పెర్ఫ్యూమ్ కౌంటర్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్తే ఈ ప్రశ్న ఎదురుకావచ్చు: ‘రెండు సీసాల పేరూ ఒకటే, రెండూ 100 మిల్లీలీటర్లే. ధరలో ఇంత తేడా ఎందుకు?’ ఒకటి డూప్లికేట్ అయ్యుంటుందని చెబితే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవచ్చు. జవాబు సీసా మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాలే. అందులో సుగంధ తైలం ఎంత కలిపారన్నదే లెక్క. కొలోన్‌లో సుమారు 2–4 శాతం, ఈడీటీ (ఓ డి టాయిలెట్)లో 5–15, ఈడీపీ (ఓ డి పర్ఫ్యూమ్)లో 15–20, ఎక్స్‌ట్రే లేదా పర్ఫ్యూమ్ అని రాసిన దాంట్లో 20–30. ఇవి పరిశ్రమలో వాడుకలో ఉన్న అంకెలు. కంపెనీని బట్టి అటూఇటూ అవుతాయి. ఈడీటీలోని ‘టాయిలెట్’ చూసి నవ్వే కస్టమర్లుంటారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకు ముస్తాబు అని అర్థమని చెప్పండి, బేరం సగం కుదిరినట్టే.

శాతం పెరిగితే వాసన ఎక్కువసేపు నిలుస్తుందన్నది సగం నిజమే. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు త్వరగా ఎగిరిపోతాయి. గంధం, అగరు గంటల తరబడి ఒంటిని వదలవు. అందుకే గంధం ఉన్న ఈడీటీ, నిమ్మవాసన ఈడీపీని మించి నిలవచ్చు. పైగా చాలా బ్రాండ్లు ఈడీపీకి ఫార్ములానే మారుస్తాయి. కాబట్టి కస్టమర్ మణికట్టు మీద కొట్టి, పావుగంట ఆగి వాసన చూడమనండి. తొందరపెట్టి అమ్మిన సీసా తిరిగి కౌంటర్‌కే వస్తుంది.

చార్మినార్ దగ్గర దొరికే అత్తరుది వేరే దారి. అందులో ఆల్కహాల్ ఉండదు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో డేగ్ అనే రాగి పాత్రల్లో పూలు ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టడం పాత పద్ధతి. ఒక చుక్క చాలు.

ఆ కన్నౌజ్‌లోనే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ కింద ఎఫ్ఎఫ్‌డీసీ అనే సంస్థ ఉంది. పెర్ఫ్యూమరీలో శిక్షణ ఇస్తుంది. కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవారు ఈ రంగంలోకి రావడానికి ఇది దగ్గరి దారి. సుగంధ పంటలు, నూనె తీత మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో ఇసిప్కా పేరున్న విద్యాసంస్థే గానీ, ఖర్చు చూసుకోవాలి. సొంతంగా పరిమళాలు సృష్టించే పెర్ఫ్యూమర్ కొలువులు కొన్నే. నా మాట వింటే, ల్యాబ్‌లోనో క్వాలిటీ కంట్రోల్‌లోనో మొదలుపెట్టండి.

అక్కడ వాసన పరీక్ష పెట్టవచ్చు. మూడు కాగితపు పట్టీలిస్తారు, రెండింటి వాసన ఒకటే. మూడోది ఏదో మీరు పట్టుకోవాలి. ఆ రోజు మాత్రం ఒంటికి ఏ సెంటూ కొట్టుకుని వెళ్లకండి.