ఐదుగురు పిల్లలు, ఒక రోజు కూలి

ప్రశ్న: మాది అరకులోయ మండలంలో ఒక గూడెం. పనికెళ్లే ఐదుగురు తల్లులు గుంటల్ని నా దగ్గర వదిలి వెళ్తారు. ముగ్గురు కాఫీ పండ్లు కోయడానికి పోతారు, చీకటి పడేలోపు వచ్చేస్తారు. ఇద్దరిది రిసార్టులో పని. వాళ్లకి వేళాపాళా లేదు. ఒకరోజు తెల్లారకుండా రమ్మంటారు, ఇంకోరోజు రాత్రి పది దాటాక పంపుతారు, గదులు నిండకపోతే రావద్దని ఫోన్ చేస్తారు. నేను ఇచ్చింది పుచ్చుకుంటున్నాను. పిల్లల్ని చూడ్డానికి కూడా డబ్బులా అంటారేమోనని నోరు రావడం లేదు. అడిగే హక్కు నాకుందా?

జవాబు: ఉందమ్మా. మీరు చేసేది పనేనని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం రెండో షెడ్యూలులో ఒక నిబంధన పెట్టారు. పని జరిగే చోటికి తల్లులతో పాటు చిన్నపిల్లలు ఐదుగురు, అంతకు మించి వస్తే, ఆ ఆడవాళ్లలో ఒకరిని పిల్లల్ని చూసుకోవడానికి పెట్టాలి. ఆమె గునపం ముట్టకపోయినా మిగతావాళ్లతో పాటు కూలి ఇవ్వాలి. చెరువు తవ్వినా, ఆ గట్టు మీద చెట్టు నీడన పిల్లల్ని ఆడించినా చట్టం దృష్టిలో పనే. ఈ నిబంధన మీ ఇంటి అరుగుకి నేరుగా వర్తించదు. కానీ ధర ఎక్కడ మొదలుపెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది: ఐదుగురు పిల్లలకు ఒక రోజు కూలి. లెక్క సులువు కోసం మీ ఊళ్లో రోజు కూలి 300 అనుకుందాం. తల్లికి 60 పడుతుంది. మిగిలిన 240 ఆమె చేతిలోనే ఉంటుంది. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

అసలు చిక్కు వేళలది. రిసార్టు తల్లి రాను అని పొద్దున్నే ఫోన్ చేసిన రోజున, ఆ బిడ్డ కోసం ఇంటిపట్టున ఉండిపోయిన మీరు అప్పటికే తోటకి వెళ్లే అవకాశం పోగొట్టుకున్నారు. కాబట్టి ధరని రెండుగా విడగొట్టండి. సగం, బిడ్డకి చోటు ఉంచినందుకు. మిగతా సగం, చూసుకున్నందుకు. ముందురోజు సాయంత్రం లోపు రానని చెబితే ఏమీ తీసుకోకండి. ఆ తర్వాత చెబితే మొదటి సగం, అంటే 30 ఇవ్వాలి. అనుకున్న వేళ దాటితే గంటకింత అని వేరుగా కట్టండి. ఫ్యాక్టరీల చట్టం ఓవర్‌టైంకి రెట్టింపు ఇమ్మంది. రాత్రిపూట పసిబిడ్డని చూసినందుకు మీరూ గంటకి రెట్టింపు అడిగితే అన్యాయమేమీ కాదు. అయితే అది ముందే చెప్పాలి. రాత్రి పదిన్నరకి గుమ్మంలో నిలబడి చెప్పే ధర తగాదాకే దారి తీస్తుంది.

ఇంకొకటి గమనించండి. నవంబరు నుంచి జనవరి దాకా మంచు చూడటానికి జనం వచ్చేదీ అప్పుడే, కాఫీ పండ్ల కోతా అప్పుడే. ఆ మూడు నెలలకి ఒక ధర, మిగతా రోజులకి ఒక ధర పెట్టుకోండి. ఏడాదంతా ఒకటే రేటు పెడితే సీజన్‌లో మీరు నష్టపోతారు, వానాకాలంలో తల్లులు ఇవ్వలేక మానేస్తారు.

నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దాన్ని చెల్లదనదు. ధర మాట్లాడుకోకపోయినా, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరికి పని చేసిపెడితే, దాని ఫలితం పొందినవారు ప్రతిఫలం ఇవ్వాలని అందులోని 70వ సెక్షన్ చెబుతుంది. అయినా ఒక నోటు పుస్తకం పెట్టండి. తేదీ, బిడ్డ వచ్చిన వేళ, వెళ్లిన వేళ, ఇచ్చిన డబ్బు, తల్లి సంతకం లేదా వేలిముద్ర. రోజుకొక గీత చాలు. బాకీ వసూలుకి మామూలుగా మూడేళ్ల గడువుంటుంది, అప్పుడు మాట్లాడేది ఆ పుస్తకమే.

తిండి ఖర్చు కలపడానికి ముందు అంగన్‌వాడీలో పేర్లు ఉన్నాయో లేదో చూడండి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి ఉచిత పోషకాహారం 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. మీ దగ్గర ఉంటున్నారని అది పోదు. మీరు పట్టే చోడంబలికి వేరుగా డబ్బు తీసుకుంటారా, లేదా అన్నది తల్లులతో తేల్చుకోండి.

రిసార్టుకి వెళ్లే ఆ ఇద్దరు తల్లులకీ ఒక మాట చెప్పండి. యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ పిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసి రావచ్చు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే ఉంది. యాభై లెక్కలో మగవాళ్లూ వస్తారు. చిన్న లాడ్జీలకి ఇది పట్టదు. కాఫీ కూడా ఎక్కువగా గిరిజన రైతుల చిన్న చిన్న కమతాల్లోనే పండుతుంది, అక్కడ యాభై మంది తేలరు. అందుకే మీలాంటివారి అరుగే వాళ్లకి దిక్కు.

మీకు చేయి సాయం కావాలన్నా పన్నెండేళ్ల పక్కింటి అమ్మాయిని పనికి పెట్టుకోకండి. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెడితే ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఏజెన్సీలో దీనికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి: చంటివాడి కోసం బడి మానిపించిన అక్క. సొంత ఇంట్లోనైనా బడి వేళ దాటాకో, సెలవుల్లోనో సాయం చేయవచ్చు, అంతవరకే. మీ ధర ఇవ్వలేక ఏ తల్లైనా పెద్దపిల్లని ఇంట్లో ఉంచేస్తానంటే, ఆ నెలకి వాయిదా ఇవ్వండి, కోత డబ్బు వచ్చాక తీసుకోండి. అదీ పుస్తకంలో రాయండి.

బాకీ ఎగ్గొడితే ముందు ఊరి పెద్దల దగ్గర ఆ పుస్తకం విప్పండి. తేలకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవారికీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, ఫీజు కట్టక్కర్లేదు. 15100కి ఫోన్ చేసి మీ మండలం పేరు చెప్పండి.