పొడిగింపును నమ్ముకుని అప్పు చేయకు

శ్రావణీ,

ఎమ్మెస్‌కు అమెరికాలో సీటొచ్చిందని, 40 లక్షల లోన్‌కు బ్యాంకు ఒప్పుకుందని రాశావు. సంతోషం. కాని నువ్వు పంపిన లెక్కలో ఒక వరుస నాకు నచ్చలేదు. చదువయ్యాక మూడేళ్లు ఓపీటీ, అంటే అక్కడ పనిచేసే అనుమతి, ఉంటుంది, ఆ మూడేళ్ల డాలర్ జీతంతో అప్పు తీరిపోతుంది అని వేసుకున్నావు. ఆ మూడేళ్లూ ఒకే రకం కావమ్మా. మొదటి 12 నెలలు ఏ కోర్సు చదివినవాళ్లకైనా దొరుకుతాయి. తర్వాతి 24 నెలలు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల వాళ్లకే, అదీ ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదైన కంపెనీలో ఉద్యోగం ఉంటేనే ఇచ్చే పొడిగింపు. అది వస్తే హాయిగా వాడుకో. అప్పు మాత్రం అది రాదనుకునే చెయ్యి.

ఈ పొడిగింపు ఎలా పుట్టిందో చూస్తే దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుంది. 2008కి ముందు అందరికీ 12 నెలలే. హెచ్-1బీ ఉద్యోగ వీసాలు చాలడం లేదని కంపెనీలు గోల పెట్టాయి. ఆ ఏడాది మార్చిలో బిల్ గేట్స్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, విద్యార్థుల పని గడువు పెంచమని కోరాడు. ఏప్రిల్‌లో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ స్టెమ్ విద్యార్థులకు మరో 17 నెలలు ఇచ్చింది. అది కాంగ్రెస్ చేసిన చట్టం కాదు, శాఖ తనంతట తాను రాసుకున్న నియమం. ప్రజాభిప్రాయం అడక్కుండా తెచ్చారని 2015 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ఒక్కసారిగా వీధిన పడకూడదని తీర్పు అమలును కొన్ని నెలలు ఆపింది కాబట్టి సరిపోయింది. ఆ వ్యవధిలో శాఖ కొత్త నియమం రాసింది, 2016 మే నుంచి 24 నెలలు అమల్లోకి వచ్చాయి. మరి 2022లో అప్పీలు కోర్టు దీన్ని సమర్థించింది కదా, 2023లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు కదా అని నువ్వు అడగొచ్చు. నిజమే. అయితే ఇలాంటి అనుమతి ఇచ్చే అధికారం శాఖకు ఉందన్నదే అప్పీలు కోర్టు తేల్చిన విషయం. ఇవ్వగలిగిన శాఖ, పద్ధతి ప్రకారం వెనక్కీ తీసుకోగలదు. గెలిచింది శాఖే గాని, విద్యార్థి చేతికి కొత్త హక్కేదీ రాలేదు. 2025 మేలో అమెరికా వలస సేవల విభాగం యూఎస్‌సీఐఎస్ డైరెక్టర్ పదవికి ప్రతిపాదించిన జోసెఫ్ ఎడ్లో, చదువు ముగిశాక విద్యార్థులకు పని అనుమతి లేకుండా చేయాలన్నది తన ఉద్దేశమని సెనేట్ కమిటీ ముందే చెప్పాడు. తర్వాత ఆ పదవిలోకి వచ్చాడు కూడా. ఆ మాట లెక్కన మొదటి 12 నెలలకూ పూచీ లేదు.

అమెరికా ఒక్కటే ఇలా అనుకోకు. కెనడాలో చదువు తర్వాతి వర్క్ పర్మిట్ గడువు తీరుతున్నవాళ్లకు 2021, 2022, 2023ల్లో వరసగా 18 నెలల చొప్పున పొడిగింపు ఇచ్చారు. మూడుసార్లు ఇస్తే నాలుగోసారీ ఇస్తారని ఎవరైనా అనుకుంటారు. కోవిడ్ తర్వాత పనివాళ్లు దొరక్క ఇచ్చిన వెసులుబాటు అది. ఇళ్ల అద్దెలు పెరిగి జనంలో అసంతృప్తి మొదలవగానే, ఇక పొడిగించేది లేదని 2023 డిసెంబరులో చెప్పేశారు. విదేశీ విద్యార్థుల ఫీజుల మీద బతికే యూనివర్సిటీలు ఇలా జరగనిస్తాయా అంటావేమో. బ్రిటన్‌లో అక్కడి యూనివర్సిటీలు వద్దని మొత్తుకున్నా 2012లో చదువు తర్వాతి పని వీసాను ఎత్తేశారు. 2021లో రెండేళ్ల గడువుతో మళ్లీ తెచ్చి, ఇప్పుడు 2027 జనవరి నుంచి దాన్ని 18 నెలలకు కుదిస్తున్నారు. ఫీజు కట్టించుకునేది యూనివర్సిటీ, వీసా ఇచ్చేది ప్రభుత్వం. ఈ రెండింటి అవసరాలు ఎప్పుడూ ఒకటి కావు.

నన్నడిగితే ఈ పొడిగింపు న్యాయమైనదే. కొత్తగా చదువు ముగించినవాడు పని నేర్చుకుని తన విలువ చూపించడానికి 12 నెలలు ఏమూలకీ చాలవు. ఏడాదికి 85 వేలే ఉండే హెచ్-1బీల కోసం లాటరీలో రెండు మూడుసార్లు పేరు వేసుకునే వీలు కలిగేదీ దీనివల్లే. ఆ లాటరీలోనూ ఎక్కువ జీతం వాళ్లకు ఎక్కువ అవకాశం దక్కేలా మార్పు తెచ్చారు. కొత్తగా చేరేవాళ్లకు అది దెబ్బే. ఏమైనా, న్యాయంగా ఉన్నంత మాత్రాన ఏ నియమమూ నిలవదు. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో దాదాపు 2.94 లక్షల మంది ఓపీటీలో ఉన్నారు. ఇంతమందిని ఎలా కదిలిస్తారు అని కొందరు ధైర్యం చెప్పుకుంటారు. ఆ సంఖ్య పెరిగేకొద్దీ అక్కడి రాజకీయ నాయకుల కళ్లు దానిమీద పడతాయని నాకనిపిస్తుంది.

ఇలా భయపడితే ఎవరూ వెళ్లరు అంటావు. వెళ్లొద్దని నేననడం లేదు. 40 లక్షల అప్పుకు 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 55 వేలు. చదివే కాలపు వడ్డీ కలిస్తే ఇంకా పెరుగుతుంది. 12 నెలలు పనిచేసి తిరిగి రావాల్సి వస్తే, హైదరాబాద్‌లో నీకొచ్చే తొలి జీతం లోంచి ఆ కిస్తీ కట్టి నువ్వు బతకగలవా? బతకగలిగితే నిశ్చింతగా వెళ్లు. లేకపోతే అప్పు తగ్గించు. ఫీజు తక్కువున్న ప్రభుత్వ యూనివర్సిటీ చూడు, అసిస్టెంట్‌షిప్ దొరికేచోటు వెతుకు, అవసరమైతే ఇక్కడే రెండేళ్లు పనిచేసి కొంత కూడబెట్టుకుని వెళ్లు. అప్పు 20 లక్షలైతే కిస్తీ 27 వేల పైచిలుకు. అది మోయగల బరువే. ర్యాంకుల పట్టికలో పది మెట్లు కింద ఉన్న యూనివర్సిటీ వల్ల పోయేదేమీ లేదు.

అప్పు పెద్దదైతే వచ్చే ప్రమాదం ఇంకొకటుంది. ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు, పొడిగింపు వచ్చాక మొత్తం కలిపి 150 రోజులు. ఒకవైపు రోజులు, ఇంకోవైపు కిస్తీలు తరుముతుంటే, జీతం లేకపోయినా కాగితం మీద ఉద్యోగం చూపిస్తామనే కన్సల్టెన్సీలు దేవుళ్లలా కనిపిస్తాయి. పొడిగింపుకు ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద కంపెనీతో పాటు నువ్వూ సంతకం పెట్టాలి. అందులో అబద్ధముంటే అది నీ అబద్ధం కూడా. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం వ్యవహారం బయటపడినప్పుడు ఇరుక్కున్న విద్యార్థుల్లో అత్యధికులు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించారు. అయినా 2019లో మిషిగన్‌లో ప్రభుత్వమే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీలో మళ్లీ మనవాళ్లే పడ్డారు. వాళ్లందరూ తెలివి తక్కువవాళ్లేం కాదు. చేతిలో రోజులు లేక, వెనక్కి రాలేని అప్పుతో ఉన్నవాళ్లకు తప్పుడు దారి తప్ప మరోటి కనపడదు.

బ్యాంకులో సంతకం పెట్టేలోగా మీ నాన్నతో కూర్చుని 12 నెలల లెక్క ఒకటి వెయ్యి. కిస్తీ ఎంత తేలిందో, ఏ యూనివర్సిటీలు మిగిలాయో నాకు రాయి.

ఇట్లు
మీ పెదనాన్న