గడ్డి దుబ్బును కొలవడం

గరిక మీకందరికీ తెలుసు, వినాయక చవితికి తెచ్చేదే. పైన ఎండిపోయినా కింద వేరు బతికే ఉంటుంది. రెండు వానలు పడితే మళ్లీ చిగురిస్తుంది. ఇలా ఏళ్ల తరబడి బతికే మొక్కలను బహువార్షికాలు అంటాం. వానకు మొలిచి, గింజ రాల్చి, ఆ ఏడే చచ్చిపోయేవి ఏకవార్షికాలు. మేత బీడుకు ఆధారం మొదటి రకమే. మట్టిని పట్టి ఉంచేది కూడా అదే.

భుజ్‌కు ఉత్తరాన, కచ్ రణ్ అంచున బన్నీ అనే మేత బీడు ఉంది. దాదాపు 2,500 చదరపు కిలోమీటర్లు. అక్కడి మాల్‌ధారీలు తరతరాలుగా గేదెలను, కాంక్రేజ్ ఆవులను మేపుతున్నారు. బన్నీ గేదెలు ఎండకు జడిసి రాత్రిళ్లు మేతకు వెళ్లి తెల్లారి తిరిగొస్తాయి. 1960వ దశకంలో ఉప్పునేల వ్యాపించకుండా అటవీశాఖ అక్కడ సర్కారు తుమ్మ నాటింది. పశువులు దాని కాయలు తిని, పేడతో గింజలను బీడంతా చల్లాయి. అక్కడి వాళ్లు దాన్ని ‘గాండో బావళ్’, అంటే పిచ్చి తుమ్మ, అంటారు. మన పేరుకన్నా వాళ్ల పేరే దానికి సరిపోయిందనిపిస్తుంది మాకు.

మరి గడ్డి తగ్గిందా, పెరిగిందా? కంటిచూపుతో చెబితే మోసపోతాం. మంచి వాన పడిన ఏడు ఏకవార్షికాలతో బీడంతా పచ్చగా కనిపిస్తుంది, దుబ్బులు సగం చచ్చిపోయి ఉన్నా సరే. అందుకే ఆకును కాదు, నేలను తాకే మొదలును కొలుస్తారు. ఆకు వానను బట్టి, మేతను బట్టి మారుతుంది. మొదలు అంత త్వరగా మారదు. రెండు ఇనుప మేకులు పాతి మధ్య 20 మీటర్ల టేపు లాగుతారు. టేపు కిందికి వచ్చిన ప్రతి దుబ్బు మొదలు ఎన్ని సెంటీమీటర్లో రాసుకుంటారు. మొత్తం 160 వచ్చిందనుకోండి: 2,000లో 160, అంటే 8 శాతం. మరుసటి ఏడు అదే నెలలో, అవే మేకుల మధ్య మళ్లీ కొలవాలి. పక్కనే కంచె వేసి పశువులు రాని చోట కూడా ఇలాగే కొలుస్తారు. రెండు చోట్లా తగ్గితే వానలేమి అనుకోవచ్చు. కంచె బయటే తగ్గితే మేత ఎక్కువైందన్నమాట. చిన్న దుబ్బులను విడిగా లెక్కపెట్టాలి. అన్నీ ముసలి దుబ్బులే అయితే, శాతం బాగున్నా బీడు బాగున్నట్టు కాదు.

చిక్కల్లా కాలంతోనే. ఒక్క ఏడాది అంకె ఏమీ చెప్పదు, ఏళ్ల వరస కావాలి. మనమేమో మూడేళ్లకో నాలుగేళ్లకో పెట్టెలు సర్దుకునేవాళ్లం. అందుకని మీ స్కూలు మైదానం మూలన మేకులు పాతితే, గేటు నుంచి ఎన్ని అడుగులో, ఏ దిక్కునో నోటుబుక్కు మొదటి పేజీలోనే రాయండి. గడ్డి పేరు తెలియకపోతే ఆ ఊరి పశువుల కాపరిని అడిగి, ఆయన చెప్పిన పేరే రాయండి. నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఉత్తర్వు రాగానే ఆ పుస్తకాన్ని జీవశాస్త్రం టీచరుకు అప్పగించండి. మీ తర్వాత ఆ బెంచీలో కూర్చునే పిల్లలకు మేకులు దొరకాలి.