దవడ నొప్పికి పాదాల్లో వెతకాలా?

అమ్మాయి అన్నం నములుతుంటే చెవి దగ్గర టక్కుమని చప్పుడు. ఆవలిస్తే నొప్పి. పాదంలో వంపు లేకపోతే ఆ తేడా మోకాళ్లు, నడుము, మెడ మీదుగా దవడదాకా పాకుతుందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి స్నానం చేసి వచ్చిన పిల్ల తడి అడుగుల్ని గచ్చు మీద వంగి వంగి చూస్తున్నాం. కారణం దొరికితే సగం నొప్పి తీసేసినట్టే అనిపిస్తుంది మనకి.

ముందు పాదాల సంగతి. చిన్నపిల్లల పాదాలు దాదాపు అన్నీ చదునుగానే ఉంటాయి. పదేళ్లు నిండేలోపు చాలామందికి వంపు తేలుతుంది, కొందరికి పెద్దయినా తేలదు. అమ్మాయిని మునివేళ్ల మీద నిలబడమనండి. అప్పుడు వంపు కనిపించి, నడకలో నొప్పి లేకపోతే ఆ పాదానికి వైద్యం అక్కర్లేదు. పాదానికీ దవడకూ లంకె ఉందేమోనని పరిశోధకులు వెతికారు. కొందరికి కొంచెం కనిపించింది, కొందరికి అదీ లేదు. చెప్పుల్లో ప్రత్యేకమైన మెత్తలు వేస్తే దవడ నయమవుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. అప్పు చేసి కొనేముందు ఈ మాట తెలియాలి.

ఒక్కచోట మాత్రం రెండింటినీ కలిపి చూడాల్సిందే. పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం, చీలమండో మోకాలో వాచి కుంటడం ఆరు వారాలు దాటితే అది పిల్లల్లో వచ్చే కీళ్లవాతం కావచ్చు. అది దవడ కీలునీ పట్టుకుంటుంది, ఒక్కోసారి నొప్పి కూడా తెలియనివ్వదు. కింది దవడ ఎదుగుదల కుంటుపడవచ్చు. తన మూడు వేళ్లు నిలువుగా పట్టేంతగా నోరు తెరుచుకోకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

మిగతా పిల్లల్లో నేను ఎక్కువగా చూసేది బిగబట్టిన పళ్లే. పెదాలు మూసి ఉన్నా పై పళ్లూ కింది పళ్లూ ఊరికే ఉన్నప్పుడు తగలకూడదు. చదువుకునేటప్పుడు అమ్మాయి చెంపని గమనించండి, అక్కడి కండ రాయిలా ఉంటుంది. పంటి బిగువున ఓర్చుకోవడం మనం మెచ్చుకునే గుణం కదా, పిల్లలు అక్షరాలా అదే చేస్తారు. మార్కుల మాట రాగానే మారే మన గొంతు వాళ్లకు ముందే తెలిసిపోతుంది. ఇది చెప్పడం నాకూ కష్టమే. దానికి తోడు ఇప్పుడు వచ్చినవాళ్లందరి ముందూ "ఏదీ, ఓసారి నడిచి చూపించు" అంటున్నాం. మన ఆరాటం ప్రేమే. ఆ పిల్లకు మాత్రం కాలి నుంచి మొహం దాకా తనలో అన్నీ వంకరలే అని వినిపిస్తుంది.

కొన్నాళ్లు జంతికలు, చెరకు ముక్కలు, చూయింగ్ గమ్ మానిపించండి. ఇడ్లీ, పెరుగన్నం చాలు. నొప్పి లేని చప్పుడుని వదిలేయండి. రాత్రి వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చెంపకి ఆనించి పక్కన కూర్చోండి. పరీక్షల ఊసెత్తకండి. తనే ఏదైనా మొదలుపెడితే, అది ఎంత చిన్న సంగతైనా, మధ్యలో అందుకోకండి.