చినార్ ఆకు రాలే వేళ

మన ఊళ్లలో బాదం చెట్టును అందరూ చూసే ఉంటారు. రాలే ముందు దాని ఆకు ఎర్రబడుతుంది. పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు. ఒక్క చెట్టు కాదు, ఊరంతా అలా ఎర్రబడితే ఎలా ఉంటుంది? కాశ్మీరు లోయలో ఏటా అలాగే ఉంటుంది.

మన దగ్గర ఎక్కువ చెట్లు మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఆకు రాలుస్తాయి. కాశ్మీరు కొండల మధ్య ఉన్న చలి ప్రాంతం. అక్కడ దీపావళి నాటికే ఆకు రంగు మారుతుంది. అక్టోబరు నెలాఖరు నుంచి నవంబరు మధ్య దాకా చూడటానికి మంచి సమయం. ఆ కాలాన్ని అక్కడివాళ్లు ‘హరుద్’ అంటారు.

అక్కడ పేరున్న చెట్టు చినార్. దాని ఆకు మన ఆముదపాకులా, వేళ్లు విప్పిన అరచెయ్యిలా ఉంటుంది. చెట్టు వంద అడుగుల దాకా పెరుగుతుంది. వందల ఏళ్లు బతుకుతుంది. ముసలి చెట్టు మొదలు చుట్టూ నలుగురైదుగురు చేతులు కలిపితే గానీ అందదు. సొంత దొడ్లో ఉన్నా సరే, అనుమతి లేకుండా చినార్‌ను కొట్టకూడదు. అది చట్టం.

ఆకు ఎర్రబడిందంటే చెట్టుకు తెగులు పట్టిందా? కాదు. ఆకులో పత్రహరితం అనే పచ్చని పదార్థం ఉంటుంది. దానితోనే చెట్టు ఎండలో తన తిండి తాను వండుకుంటుంది. పగటి పొద్దు తగ్గి, చలి పెరిగాక ఆ వంట ఆపేస్తుంది. పచ్చదనం పోతుంది. అడుగున దాగి ఉన్న పసుపు రంగు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారయ్యేదే. ఆ తర్వాత కాడ దగ్గర ఒక పొర అడ్డుకట్టి ఆకు ఊడిపోతుంది. చలికి నేల గడ్డకడితే వేళ్లకు నీరు అందదు. ఆకులుంటే చెట్టులో ఉన్న నీరు కూడా ఆవిరైపోతుంది. అందుకే చెట్టు వాటిని వదిలించుకుంటుంది.

మనవాళ్లు చాలామంది వైష్ణోదేవి దర్శనానికి వెళతారు. ఆ కొండ కింది ఊరు కట్రా. 2025 జూన్ నుంచి కట్రాకూ శ్రీనగర్‌కూ మధ్య నేరుగా రైలు నడుస్తోంది. మూడు గంటల ప్రయాణం. దర్శనం అయ్యాక పిల్లాపాపలతో అటు వెళ్లి రావచ్చు. అయితే ఒక మాట. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దగ్గర ఉగ్రవాదులు 26 మందిని చంపారు. ఆ తర్వాత కొన్ని చోట్లు మూసేశారు, కొన్ని మళ్లీ తెరిచారు. కాబట్టి బయలుదేరే ముందు పరిస్థితి కనుక్కోవాలి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే నసీం బాగ్ అన్నిటికంటే నయం. నసీం అంటే పిల్లగాలి. ఇది మొగలాయిల నాటి తోట. ఇప్పుడు కాశ్మీరు విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. చదునైన నేల. వందల చినార్లు. రాలిన ఆకుల మీద పిల్లలు గలగలమని పరిగెత్తవచ్చు. దాల్ సరస్సు పక్కన షాలిమార్ తోట ఉంది. దాన్ని 1619లో జహంగీరు వేయించాడు. దానికి దగ్గర్లోనే నిషాత్ తోట. నూర్జహాన్ అన్న ఆసఫ్ ఖాన్ దాన్ని 1633లో కట్టించాడు. అది పన్నెండు అంచెలుగా కొండవైపు ఎక్కుతుంది. మెట్లెక్కలేనివాళ్లు కింది అంచెలోనే కూర్చుని సరస్సును చూడవచ్చు. సరస్సు మధ్య చార్ చినార్ అనే చిన్న లంక ఉంది. ‘చార్’ అంటే నాలుగు. అక్కడికి పడవలో వెళ్లాలి. పిల్లల్ని పడవ అంచున కూర్చోబెట్టకండి.

చూడవచ్చినవాళ్లకు ఆకులు అందం. అక్కడి ఆడవాళ్లకు అవి చలికాలపు నిప్పు. పొడవాటి చీపుర్లతో ఆకులు ఊడ్చి కుప్ప పోస్తారు. కుప్పకు నిప్పు పెడతారు. బూడిద కాకముందే నీళ్లు చల్లుతారు. మిగిలిన బొగ్గును సంచుల్లో నింపి దాచుకుంటారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు అక్కడ గడ్డు చలి. అప్పుడు ఆ బొగ్గును కాంగ్డీలో వేసుకుంటారు. కాంగ్డీ అంటే అల్లిక బుట్టలో పెట్టిన మట్టి కుండ. మన బాలింత గదిలో కుంపటి లాంటిదే. కాకపోతే వాళ్లు దాన్ని ‘ఫెరన్’ అనే వదులు అంగీ లోపల పట్టుకుని తిరుగుతారు.

ఆకులు కాల్చిన పొగ ఊపిరికి చెరుపు చేస్తుంది. బయట కాల్చవద్దని అధికారులు చెబుతున్నారు. మాట నిజమే. కానీ కరెంటు హీటరు కొనలేని ఇల్లాలు చలికి ఏం చెయ్యాలి? వద్దనేవాళ్లు దానికి కూడా దారి చూపాలి. కాంగ్డీని ఏళ్ల తరబడి ఒంటికి ఆనించుకునేవాళ్లలో కొందరికి పొట్ట మీద, తొడల మీద చర్మపు క్యాన్సర్ వస్తుంది.

అక్కడికి వెళ్లినవాళ్లకు కూడా బొగ్గుతో జాగ్రత్త అవసరం. నవంబరు రాత్రుల్లో చలి బాగా ఉంటుంది. గది వెచ్చగా ఉండాలని తలుపులు, కిటికీలు అన్నీ మూసి, బొగ్గు నిప్పు పెట్టుకుని పడుకోకూడదు. ఆ నిప్పు నుంచి ఒక విషవాయువు వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ప్రాణం పోవచ్చు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే తలుపు తీసి అందరూ బయటికి రావాలి. బాలింత గదిలో కుంపటి పెట్టే మన ఇళ్లలో కూడా ఇది ఇంతే.

చదివి చెప్పండి: ఆకు పచ్చదనం ఎందుకు పోతుంది? కాంగ్డీలోకి బొగ్గు ఎలా తయారు చేస్తారు? మీ ఊళ్లో రాలిన ఆకులను దేనికి వాడతారు?