చెప్పినంతా జరిగిందా?

మిల్లు అనగానే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పిల్లలకు కారం మిల్లో, పత్తి జిన్నింగు మిల్లో గుర్తుకొస్తుంది. లోహాన్ని చెక్కే మిల్లు కూడా ఒకటుంది. లేతు మిషనులో లోహం తిరుగుతుంది, ఉలి దాన్ని చెక్కుతుంది. మిల్లింగు యంత్రంలో పళ్లున్న కట్టరు తిరుగుతుంది; బల్లకు బిగించిన లోహం దాని కిందికి జరుగుతుంది. బల్లను చేతిచక్రంతో కాక, కంప్యూటరు ఇచ్చే అంకెలతో జరిపితే అదే సీఎన్‌సీ మిల్లు.

అంకెలతో యంత్రాన్ని నడపడమేమిటని ఆశ్చర్యపోకండి. చీరాల వైపు నేతమగ్గాల మీద చిల్లుల అట్టలు చూశారా? ఏ దారం పైకి లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. ఫ్రాన్సు దేశస్థుడు జాకార్డు 1804 నాటికే ఆ పద్ధతిని మగ్గానికి అమర్చాడు. అమెరికాలో హెలికాప్టరు రెక్కలు తయారుచేసిన జాన్ పార్సన్స్, వంపు మీది బిందువులను లెక్కగట్టి ఆ అంకెల ప్రకారం లోహాన్ని కోయాలని తలచాడు. ఆ ఆలోచన నుంచి పుట్టిన మిల్లింగు యంత్రాన్ని 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ప్రదర్శించింది. దానికి ఆజ్ఞలు చిల్లుల కాగితపు పట్టీ మీద ఉండేవి. నేడు ఆ పనిని అరచేతిలో ఇమిడే బోర్డు చేస్తుంది. అందుకే చిన్న మిల్లు ఇంటి బల్ల మీదికి వచ్చింది.

ఒక మిల్లీమీటరుకు ఎన్ని అడుగులు?

బల్లను జరిపేది స్టెప్పర్ మోటారు. అది గిర్రున తిరగదు; అడుగులు వేస్తుంది. సాధారణంగా ఒక చుట్టుకు 200 అడుగులు, అంటే అడుగుకు 1.8 డిగ్రీలు. నడిపే సర్క్యూటు ఒక్కో అడుగును 8 భాగాలు చేస్తే చుట్టుకు 1600. మోటారుకు తగిలించిన మరకడ్డీ ఒక చుట్టు తిరిగితే బల్ల 4 మి.మీ. జరుగుతుందనుకుందాం. అప్పుడు మిల్లీమీటరుకు 400 అడుగులు. ఒక్క అడుగుకు బల్ల జరిగేది 0.0025 మి.మీ. మాత్రమే!

బేరింగు పట్టలేదు

ఈ లెక్క చూసి నేనూ, నా విద్యార్థులిద్దరూ పొంగిపోయాం. వారిలో ఒకరి ఇంట్లో మిరపతోటకు మందు కొట్టే స్ప్రేయరు ఆగిపోయింది. బేరింగును పట్టుకునే అల్యూమినియం పలక విరిగింది. మేమే చేసిస్తామన్నాం. 22 మి.మీ. గుండ్రని రంధ్రం కోశాం. బేరింగు అందులో దిగలేదు. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే నిలువునా 22.00, అడ్డంగా 21.85! పిల్లలు కంప్యూటరును అనుమానించారు. లెక్క మళ్లీ చూస్తే తప్పు లేదు.

తప్పు మరకడ్డీకీ, దాని మీద నడిచే నట్టుకూ మధ్య ఉన్న వదులులో ఉంది. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు. ఎద్దు పలుపు పట్టుకుని వెనక్కు లాగితే ఏమవుతుంది? ముందు తాడు బిగుసుకుంటుంది, తర్వాతే ఎద్దు కదులుతుంది. అలాగే మరకడ్డీ దిశ మార్చినప్పుడు మొదటి కొన్ని అడుగులు వదులు తీరడానికే సరిపోతాయి, బల్ల కదలదు. మా యంత్రంలో ఆ నష్టం 0.15 మి.మీ., అంటే 60 అడుగులు!

సన్నగా అడుగు వేయడం సూక్ష్మత. చెప్పిన చోటికి చేరడం కచ్చితత్వం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది రాదు.

బిగింపులో వరుస

అందుకే కోతకు ముందు ఈ వరుస పాటించండి.

1. బరువైన, ఊగని బల్ల మీద యంత్రాన్ని ఉంచండి. పత్తి నూగు, దుమ్ము మరకడ్డీలకు అంటకుండా చూడండి.

2. కట్టరు ఇరుసుకు డయల్ గేజి తగిలించి చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. బల్ల మీద నాలుగు వైపులా ఒకే అంకె చూపితే ఇరుసు నిటారుగా ఉన్నట్టు.

3. బల్లకు డయల్ గేజి ఆనించి 1 మి.మీ. ముందుకు జరిపి ముల్లును సున్నాకు తెచ్చుకోండి. అదే దిశలో మరో 1 మి.మీ. జరపండి. 1.00 చూపితే అడుగుల లెక్క సరైనది. తర్వాత 1 మి.మీ. వెనక్కు రమ్మనండి. సున్నాకు ఎంత దూరంలో ఆగితే వదులు అంత.

4. వదులుంటే స్ప్రింగుతో బిగుసుకునే జంట నట్టు వాడండి. మాకు అది అమర్చాక వదులు 0.02కు తగ్గింది, బేరింగు బిగుతుగా కూర్చుంది, స్ప్రేయరు తోటకు వెళ్లింది.

5. మొదట కట్టరును లోహానికి పైన, గాలిలోనే నడిపి చూడండి. తర్వాతే కోత. అల్యూమినియాన్ని ఒక్కో విడతలో 0.2 మి.మీ. లోతుకు మించకుండా మొదలుపెట్టండి.

కరెంటు పోతే ఇలాంటి మోటారుకు తానెక్కడున్నదీ గుర్తుండదు. తిరిగి వచ్చాక సున్నా స్థానం మళ్లీ పెట్టకుండా కోత సాగించవద్దు.

జాగ్రత్త! ఎగిరే లోహపు రజను కంటికి ప్రమాదం. కళ్లజోడు తప్పనిసరి. వదులు చేతులున్న చొక్కా, విరబోసిన జుట్టు, చేతి తొడుగులు పనికిరావు. రజనును యంత్రం ఆగాకే, బ్రష్షుతో తీయాలి. ఎర్తు తీగ, ఆపే మీట సరిచూసుకుని, పెద్దలు పక్కన ఉంటేనే యంత్రం నడపండి.

చేసి చూడండి: పై మోటారునే వాడి, చుట్టుకు 5 మి.మీ. జరిపే మరకడ్డీ పెడితే మిల్లీమీటరుకు ఎన్ని అడుగులు? 0.1 మి.మీ. వదులులో ఎన్ని అడుగులు వృథా? (జవాబు: 320, 32)